ఆ వారం ఖరీదెంత?

పోయిన వారం మనం లోర్నాని ఆఫీసు బల్ల వెనకాల, చేతిలో పెన్నుతో నిలబెట్టి వచ్చేశాం. బల్లకి ఇవతల ఉన్న పెద్దమనిషి అప్పుడే తన పేరు చెప్పాడు. రస్ లాంగ్‌మూర్. ఊరు కాల్గరీ.

ఆ పేరు లోర్నాకి కొత్త కాదు. నాలుగేళ్ల కిందట 'పియానో' అని మావాళ్లు పిలిచే కొండవాలు మీద మంచుచరియ విరిగిపడ్డప్పుడు, ప్రాణాలతో దిగివచ్చిన ముగ్గురిలో అతనొకడు. దిగి రానివాళ్లు ఇద్దరు. ఒకడు లాంగ్‌మూర్ స్నేహితుడు బర్ట్ ఓస్లర్. రెండోవాడు వాళ్లందర్నీ హెలికాప్టర్‌లో కొండ నెత్తికి తీసుకెళ్లి, స్కీ చెక్కల మీద కిందికి దించుతున్న గైడ్, ఆలెక్ మకోర్టాఫ్. లోర్నా మొగుడు.

విచారణ జరిగింది. లోర్నా దానికి వెళ్లలేకపోయింది. తప్పంతా గైడ్‌దేనని తేల్చారు. వెళ్లకూడని రోజున, వెళ్లకూడని వాలు మీదికి మనుషుల్ని తీసుకెళ్లాడన్నారు. ఆ తర్వాత మా ఊరు హాల్డేన్ ల్యాండింగ్‌లో ఆ ముక్క చెప్పుకోని నోరు లేదు. "పోతే పోయాడు, ఇంకొకణ్ణి కూడా చంపి మరీ పోయాడు" అని సారా దుకాణం ముందు అన్నవాళ్లే, ఎదురుపడితే లోర్నా చెయ్యి పట్టుకుని కళ్లు తుడుచుకునేవాళ్లు. కూతురు పాలీకి ఇప్పుడు పదమూడేళ్లు. స్కూల్లో ఎవరో ఏదో అన్న రోజు నుంచి తండ్రి ఇంటిపేరు రాసుకోవడం మానేసింది. తల్లి పుట్టింటి పేరు రాసుకుంటోంది.

డబ్బు తీసుకుని మనుషుల్ని అలా కొండెక్కించి దించే ఈ హెలికాప్టర్ల కంపెనీ ఆ పుట్టింటివాళ్లదే. లోర్నా అన్న డంకన్ రీవ్ దాని యజమాని. ఆలెక్ పోయిన ఏడాదికి చెల్లెల్ని పిలిచి ఉద్యోగమిచ్చాడు. బల్ల మీద పేరు పలక మాత్రం 'లోర్నా రీవ్' అని చేయించాడు. "ఆ ఇంటిపేరు చూస్తే వచ్చేవాళ్లు బెదురుతారు. ఏమీ అనుకోకు" అన్నాడు. ఏమనుకుంటుంది? పిల్లని పెంచుకోవాలి.

అంచేత లాంగ్‌మూర్‌కి ఈమె ఎవరో తెలీదు. ఈమెకి అతనెవరో తెలుసు. అక్కడ ఆగాం.

"కూర్చోండి" అంటూ తనూ కూర్చుంది లోర్నా. తన గొంతు అంత మామూలుగా పలకడం తనకే వింతగా అనిపించింది.

అతను కూర్చుని చేతి తొడుగులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అరవై దగ్గరపడిన మనిషి. ఖరీదైన కోటు. ముఖం మాత్రం రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినవాడిలా ఉంది. కిటికీ అవతల మంచు తెరిపి లేకుండా పడుతోంది. రెండు హెలికాప్టర్లూ వానలో తడిసిన కోళ్లలా మైదానంలో ముడుచుకుని ఉన్నాయి. ఇలాంటి రోజు ఫోన్లు కూడా రావు. కొండ మీద లాడ్జ్‌లో అతిథులు మాత్రం ఆకాశాన్ని తిట్టుకుంటూ తాగుతూ ఉంటారు.

"నాకో సలహా కావాలి" అన్నాడు లాంగ్‌మూర్. "సరుకు అమ్ముకునే సలహా కాదు. నిజమైంది."

"అమ్మేవాళ్ల కొట్టుకొచ్చి నిజం అడుగుతారేమిటండీ?"

నవ్వాడు. ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. "మా అమ్మాయి మెరిడిత్. లా చదువు పూర్తయింది. ఏం కావాలమ్మా అనడిగితే ఇదే అడిగింది. ఈ కొండల మీద ఒక వారం. నాతో కలిసి. ఎదురుగా హోటల్లో కూర్చోబెట్టి వచ్చాను. నేను ముందు మాట్లాడి వస్తానని చెప్పాను."

"మాట్లాడండి."

"అంత డబ్బుకి తగినదేనా ఇది? అదీ నా ప్రశ్న."

ఈ ప్రశ్న లోర్నా వినని రోజు లేదు. చెప్పే జవాబు కూడా నోటికి వచ్చేసింది. టొరంటో నుంచి ఫోన్ చేసే పళ్ల డాక్టర్లకీ, జర్మనీ నుంచి ఫోన్ చేసే ఇంజినీర్లకీ అదే చెప్తుంది. ఇవాళ ఆ జవాబు చెప్పబుద్ధి కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఇద్దరికీ కలిపి ఇరవై ఎనిమిది వేల డాలర్లు. గది, తిండి, గైడ్, హెలికాప్టర్ అన్నీ అందులోనే. ఏడు రోజుల్లో నాలుగు రోజులు ఎగిరితే మీ అదృష్టం. మిగతా రోజులు ఇదిగో, ఇలా మంచు చూస్తూ కూర్చోవాలి. ఎగరని రోజుకి డబ్బు వెనక్కి రాదు. మీ జట్టులో పడే మిగతావాళ్లు ఎలాంటివాళ్లో మీ చేతిలో లేదు. పక్కవాడు ప్రతి పది గజాలకీ పడిపోయేవాడైతే వాడి కోసం మీరు కొండ మీద గడ్డకట్టుకుపోవాలి."

"మరి ఎగిరిన రోజు?"

ఆమె ఒకే ఒక్కసారి వెళ్లింది. పాలీ పుట్టకముందు, హెలికాప్టర్‌లో ఒక సీటు ఖాళీ అయితే ఆలెక్ బలవంతాన ఎక్కించాడు. మా ఊరివాళ్లందరూ ఆ హెలికాప్టర్ల మీద బతికేవాళ్లే గాని, వాటిలో ఎక్కినవాళ్లు ఎంతమందని?

"ఎగిరిన రోజు..." అంది. "హెలికాప్టర్ దింపేసి వెళ్లిపోయాక ముందు ఆ నిశ్శబ్దానికి భయమేస్తుంది. తర్వాత దిగడం మొదలుపెడతారు. నడుం దాకా మంచు. కాలి కింద నేలుందని తెలీదు. ఒంటికి బరువుందని తెలీదు. కిందికి వచ్చాక మాట్లాడబుద్ధి కాదు. నవ్వొస్తుంది, ఏడుపొస్తుంది. అబద్ధం చెప్పను. అలాంటిది ఇంకెక్కడా దొరకదు."

"అవును" అన్నాడతను, చాలా నెమ్మదిగా. "దొరకదు."

"అంటే మీరు వచ్చారన్నమాట ఇదివరకు."

"ఒకసారి వచ్చాను. నా జీవితంలో అంత మంచి పొద్దు ఇంకోటి లేదు. మధ్యాహ్నం భోజనాల దాకా."

"భోజనాల తర్వాత?"

అతను కిటికీ వైపు చూశాడు. తర్వాత మాట మార్చాడు. "నాకు ధర తెలుసమ్మా. అయినా అడిగాను. ఎందుకంటే మీ యజమాని నా దగ్గర డబ్బు తీసుకోనంటున్నాడు. ఏటా చలికాలం మొదట్లో ఫోన్ చేస్తాడు. 'రస్, నీ కోసం ఒక వారం ఎప్పుడూ ఉంచుతాను, పైసా ఇవ్వక్కర్లేదు' అంటాడు. ఈ ఏడు అమ్మాయిని కూడా తీసుకురమ్మన్నాడు. నేను పూర్తి డబ్బు కట్టి వద్దామనుకుంటున్నాను."

లోర్నా పెన్ను కింద పెట్టింది. డంకన్ సంగతి ఆమెకి తెలీనిదా! ఊరికే ఒక టోపీ కూడా ఇవ్వడు. గైడ్లు తాగే కాఫీకి కూడా జీతంలో కోసుకునే మనిషి. అలాంటివాడు ఏటా ఫోన్ చేసి, వారానికి వారం ఊరికే ఇస్తానంటున్నాడా?

"ఊరికే ఇస్తానంటే వద్దనేవాళ్లని మిమ్మల్నే చూశాను" అంది.

"ఊరికే వచ్చేదానికే ఎక్కువ కట్టాల్సొస్తుంది."

"ఏం కట్టాలి?"

లాంగ్‌మూర్ చేతి తొడుగుల్ని ఒకదానిలోకి ఒకటి దూర్చాడు, మళ్లీ బయటికి లాగాడు. "మీరు ఇక్కడ ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారు?"

"మూడేళ్లుగా."

"అయితే ఆ గొడవ నాటికి లేరు."

"ఇక్కడ లేను" అంది లోర్నా. అది నిజమే. ఆ రోజు ఆమె ఇంట్లో బీట్‌రూట్ కోస్తోంది. ఆలెక్‌కి ఇష్టమని, వాళ్లమ్మ చేసే పద్ధతిలో సూప్ కాద్దామని.

"అయితే చెప్తాను. ఎవరికో ఒకరికి చెప్పాలి. నాలుగేళ్లుగా ఇది నా గొంతులో ఉంది." అతను ముందుకి వంగాడు. "భోజనాలయ్యాక పియానో పైకి వెళ్లాం. ఐదుగురం. దిగగానే గైడ్ రెండు కాళ్లతో మంచు తొక్కి చూశాడు. కర్రతో గుచ్చి చూశాడు. 'ఇది బోలుగా పలుకుతోంది, నాకు నచ్చలేదు. పక్కనున్న చెట్లలోంచి దిగుదాం' అన్నాడు."

లోర్నా ఎదుట ఉన్న బుకింగ్ పుస్తకం మూసేసింది.

"బర్ట్‌కి కోపం వచ్చింది. నాకూ వచ్చింది. అబద్ధమెందుకు? మూడు రోజులు లాడ్జ్‌లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాం. ఆ రోజే ఎండ కాసింది. కళ్లముందు అంత పెద్ద వాలు, ఒక్క గీత కూడా పడకుండా, తెల్లగా. 'చెట్ల మధ్య తిరగడానికా ఇంత డబ్బు పోశాం? చెట్లు మా పెరట్లోనే ఉన్నాయి' అన్నాను. నేనే అన్నాను ఆ మాట. ఆయన నవ్వాడు. 'మీ పెరట్లో చెట్లు వచ్చే ఏడు కూడా ఉంటాయి గురువుగారూ, చూసుకోడానికి మీరు కూడా ఉండాలి గదా' అన్నాడు."

లోర్నా తల పక్కకి తిప్పుకుంది. ఎవరిని చూసినా ఆలెక్ అలాగే పిలిచేవాడు. కసాయి కొట్టువాణ్ణి, పోలీసుని, ఆఖరికి పురిట్లో పాలీని ఎత్తుకుని కూడా, 'గురువుగారూ' అని. నాలుగేళ్ల నుంచి ఆమె దగ్గర ఉన్న మాటలన్నీ పాతవే. తిప్పి తిప్పి వాటినే తలుచుకుంటూ వస్తోంది. ఇవాళ కొత్తది ఒకటి విన్నది. అదీ ఈ మనిషి నోట.

"మరి చెట్లలోంచి ఎందుకు దిగలేదు?"

"ఆయన కొంచెం పక్కకి వెళ్లి రేడియోలో కిందికి చెప్పాడు. పియానో వద్దు, చెట్లలోంచి దించుతానని. గాలి నా వైపు వీస్తోంది. అవతలి గొంతు కూడా వినపడింది. 'వాళ్లు మూడు రోజులుగా కూర్చున్నారు, రేపు నా మెడ మీద కూర్చుంటారు. పక్క కంపెనీవాళ్లు నిన్న అలాంటి వాలే దిగారు. నీకు భయమేస్తే చెప్పు, రేపట్నుంచి హెలికాప్టర్ రెక్కల మీద మంచు తుడుద్దువు గాని. పియానో మీంచే దించు.' అదీ ఆ గొంతు అన్నది. ముక్క ముక్కా గుర్తుంది నాకు."

"ఆయనేమన్నాడు?"

"ఏమీ అనలేదు. రేడియో జేబులో పెట్టుకున్నాడు. మా దగ్గరికి వచ్చినప్పుడు నవ్వు లేదు. 'ముందు నేను దిగుతాను. నేను చెయ్యెత్తాక ఒక్కొక్కరే రండి. ఇద్దరు కలిసి రావొద్దు' అన్నాడు. దిగాడు. పక్కన రాళ్ల దగ్గర, భద్రమైన చోట ఆగాడు. బర్ట్ బయల్దేరాడు. సగం దిగేసరికి వాలంతా గాజుపలకలా పగిలింది. గైడ్ ఉన్నచోటికి అది రాలేదు. ఆయన అక్కడే ఉండిపోతే బతికేవాడు. బర్ట్ కోసం వెళ్లి తవ్వుతుంటే పైనుంచి రెండో చరియ వచ్చింది."

"రేడియోలో ఆ గొంతు ఎవరిది?"

"ఇంకెవరిది? మీ యజమానిదే. ముందురోజు మా బల్ల దగ్గర కూర్చుని జోకులేసిన గొంతే."

గోడకి అవతల గదిలో హీటర్ మోగుతూ ఉంది. లోర్నా లేచి, నాలుగడుగులు వేసి, ఎందుకు లేచిందో తెలీక మళ్లీ వచ్చి కూర్చుంది. మూడేళ్లుగా ఆ గొంతుతోనే పొద్దున్నే 'కాఫీ తాగావా?' అని అడిగించుకుంటోంది. ఆలెక్‌ని పూడ్చిన రోజు తన భుజం చుట్టూ చెయ్యేసి నిలబడ్డదీ ఆ మనిషే.

"విచారణలో ఈ మాట చెప్పలేదేం?"

"అడగలేదు" అన్నాడు. వెంటనే తల అడ్డంగా ఊపాడు. "కాదు. అడిగారు. గైడ్ మీద ఎవరైనా ఒత్తిడి తెచ్చారా అనడిగారు. లేదన్నాను. తెచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను కదమ్మా. బర్ట్ భార్య ఎదురుగా కూర్చుని ఉంది. మేమే పోరుపెట్టామని ఆవిడ ముందు ఎలా చెప్పను? పోయినవాడి మీదికి తోసేస్తే ఎవరికీ దెబ్బ తగలదనుకున్నాను."

"ఎవరికీ" అంది లోర్నా.

"ఆయనకి భార్య ఉందని విన్నాను. పిల్ల కూడా ఉందట. డంకన్ చెప్పాడు, వాళ్లని తనే చూసుకుంటున్నానని."

"చూసుకుంటున్నాడు. ఉద్యోగమిచ్చాడు."

"మంచిదే."

"మంచి ఉద్యోగమేనండి. కుర్చీలో కూర్చుని చేసేది. ఎవరైనా వచ్చి, ఈ కొండ మీద ఒక వారానికి ఇంత డబ్బు పొయ్యొచ్చా అనడిగితే, పొయ్యొచ్చండీ అని చెప్పాలి. అంతే పని."

లాంగ్‌మూర్ ఆమె ముఖంలోకి చూశాడు. అప్పటిదాకా పట్టించుకోని బల్ల మీది పేరు చదివాడు. మళ్లీ ముఖం చూశాడు. అతని చేతిలోంచి తొడుగులు కిందపడ్డాయి. తీసుకోలేదు.

"మీరు..."

"లోర్నా మకోర్టాఫ్‌ని. బల్ల మీదున్నది మా అన్న పెట్టించిన పేరు."

అతను లేవబోయాడు. "నాకు తెలీదు. దేవుడి మీద ఒట్టు, నాకు తెలీదమ్మా. తెలిస్తే..."

"తెలిస్తే చెప్పేవారు కాదు. అది నాకు తెలుసు."

"పరాయివాళ్లకైతేనే చెప్పగలిగాను."

"నాలుగేళ్లు ఈ ఊళ్లో నేను ఏ ముఖం పెట్టుకుని తిరిగానో మీకు తెలుసా?" లోర్నా గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదని అతనికే అనిపించి ఉంటుంది. "అత్తగారు గ్రాండ్ ఫోర్క్స్‌లో ఉంటుంది. చంపడం అన్నిటికంటే పెద్ద పాపమని నమ్మే మతం వాళ్లది. తన కొడుకు ఒక మనిషి చావుకి కారణమయ్యాడని, ఆవిడ ప్రార్థనకి వెళ్లినప్పుడు వెనక వరసలో కూర్చుంటుంది. ఎవరూ కూర్చోమనలేదు. తనే కూర్చుంటుంది. నా కూతురు తండ్రి ఫొటో తీసి బీరువాలో పెట్టింది. నేను పెట్టనిచ్చాను. ఎందుకంటే నేను కూడా నమ్మాను. విన్నారా? నేను కూడా. ఆ మనిషి పక్కన పన్నెండేళ్లు పడుకున్నదాన్ని, ఆయన ఎంత జాగ్రత్తగలవాడో తెలిసినదాన్ని, ఒక్క రోజు కళ్లు నెత్తికెక్కి ఉంటాయిలే అనుకున్నాను. మీ 'లేదు' అన్న ఒక్క మాట మీద."

లాంగ్‌మూర్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

"ఏడవకండి. నాకు ఓపిక లేదు. ఇప్పుడు చెప్పారు కదా, ఇదే మాట ఇంకోచోట చెప్పండి. చెప్పాల్సినవాళ్ల ముందు."

"చెప్పలేను."

"ఎందుకు?"

"మెరిడిత్ లాయరవుతోంది. ప్రమాణం చేసి వాళ్ల నాన్న అబద్ధమాడాడని తెలిస్తే... అది నన్ను దేవుణ్ణి చూసినట్టు చూస్తుందమ్మా. అది తప్ప నాకింకెవరూ లేరు."

"మీ కూతురికి కనీసం మీరున్నారు. ఎందుకిలా చేశావని నిలదీసి తిట్టుకోడానికి ఒక మనిషి ఎదురుగా ఉన్నాడు. నా కూతురికి ఆ వసతి కూడా లేదు."

అతను నేల చూస్తూ అన్నాడు. "నేను ఎందుకొచ్చానో చెప్పనా? మీరు వద్దంటారని వచ్చాను. 'అంత డబ్బుకి తగింది కాదండీ, వేరే ఏదైనా చూసుకోండి' అని ఇక్కడి మనిషే ఒకరు అంటే, ఆ మాట తీసుకెళ్లి దానికి చెప్పి ఇంటికి పోదామనుకున్నాను. నేను వద్దంటే ఎందుకని అడుగుతుంది. అది అడగడం మొదలుపెడితే ఆగదు."

లోర్నాకి అసహ్యం వేసింది. దానితోపాటు, తనకే నచ్చనంత జాలి కూడా వేసింది. ఆఖరికి ఈ 'వద్దు' అనే చాకిరీ కూడా తన మీదే పెట్టాలని వచ్చాడు ఈ మనిషి.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. చలిగాలితోపాటు ఒక అమ్మాయి లోపలికి వచ్చింది. పొడుగ్గా ఉంది. జుట్టులో మంచు. ముక్కు ఎర్రగా కందింది.

"నాన్నా, అక్కడ రెండుసార్లు సూప్ తాగాను. ఇంకా ఉంటే ఆ హోటల్‌వాడు నన్ను పనిలో పెట్టుకుంటాడు. తేలిందా లేదా?" అంటూ వచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. కిందపడ్డ తొడుగులు తీసి, దులిపి, అతని ఒళ్లో పెట్టింది. "బేరమాడుతున్నాడాండీ? మా నాన్నంతే. కార్లు కొనేటప్పుడు కూడా నన్ను బయట నిలబెడతాడు."

"బేరం కాదు" అంది లోర్నా.

"మరి? ముఖం అలా ఉందేంటి నాన్నా? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నాను తల్లీ. నువ్వు కార్లో కూర్చో. వచ్చేస్తాను."

"కూర్చోను. ఇక్కడ జరిగిందేమిటో నాకు తెలుసు. బర్ట్ అంకుల్ పోయింది ఈ కొండల్లోనే కదా. అందుకే వద్దామన్నాను. నాలుగేళ్లుగా నువ్వు రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నావు. ఒకసారి నాతో వచ్చి, ఆ వాలు కిందనుంచి చూసి, ఒక దండం పెట్టుకుని వెళ్లిపోతే నీ మనసు కుదుటపడుతుందేమోనని." ఆమె లోర్నా వైపు తిరిగింది. "మీరు చెప్పండి. మీరు ఇక్కడివారు. అంత డబ్బుకి తగినదేనా? మీ ఇంట్లో పిల్లనైతే పంపిస్తారా?"

లోర్నా ఆ అమ్మాయిని చూసింది. ఇంకా తండ్రి భుజం మీదే ఉంది ఆ చెయ్యి. అతని కోటు మీద మంచు తడిని బొటనవేలితో తుడుస్తోంది, తనకి తెలీకుండానే. పాలీ కూడా ఒకప్పుడు అలాగే చేసేది. ఆలెక్ ఇంటికి రాగానే గడ్డంలో పేరుకున్న మంచు ముక్కలు ఏరి నోట్లో వేసుకునేది.

ఒక్క మాట చాలు. ఆ చెయ్యి ఆ భుజం మీంచి దిగిపోతుంది. లాంగ్‌మూర్ ఆమె కేసి చూస్తున్నాడు, కొట్టబోయే మనిషిని చూసే కుక్కలా. లోర్నాకి ఆ క్షణంలో ఏదో తీపి తగిలిన మాట నిజం. నాలుగేళ్లుగా తన ఇంట్లో ఉన్న అవమానం ఇప్పుడు ఇంకొకరి ఇంట్లోకి వెళ్లబోతోంది. ఆ తీపికి తనకే సిగ్గేసింది. సిగ్గేసినంత మాత్రాన మానుకోవాలని అనిపించలేదు.

బయట ట్రక్కు ఆగిన చప్పుడయింది. మెట్ల మీద బూట్లు దులుపుకుంటూ, ఈల వేసుకుంటూ డంకన్ వచ్చాడు. నలభై ఆరేళ్లు. ఎర్రటి గడ్డం. ఎవర్నయినా నవ్వించగల మనిషి.

"రస్!" అన్నాడు గుమ్మంలోంచే, రెండు చేతులూ చాపి. "వస్తున్నానని ఫోన్ చెయ్యొచ్చుగా! ఈవిడేనా మెరిడిత్? రామ్మా, రామ్మా. లోర్నా, వీళ్లకి కాఫీ అయినా ఇచ్చావా..."

అక్కడ ఆగాడు. చాపిన చేతులు నెమ్మదిగా కిందికి దిగాయి. చెల్లెలి ముఖం చూశాక వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదతనికి.

లోర్నా లేచి నిలబడింది. "మెరిడిత్, నువ్వు అడిగినదానికి జవాబు కావాలా?"

"కావాలండి."

"అది తగినదో కాదో తేలాలంటే ఆ రోజు పియానో మీద ఏం జరిగిందో నీకు తెలియాలి. మీ నాన్నకి తెలుసు. మా అన్నకి తెలుసు. ఇందాకటి నుంచి నాకు కూడా తెలుసు. మొదట మీ నాన్నకే అవకాశం ఇస్తున్నాను. ఆయన చెప్పకపోతే నేను చెప్తాను."

"ఏంటి నాన్నా?" అంది మెరిడిత్. "ఏం జరిగింది?"

లాంగ్‌మూర్ నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. కూతురి చెయ్యి భుజం మీద ఉందో లేదో చూసుకోవడానికన్నట్టు ఒకసారి తల పక్కకి తిప్పాడు.

డంకన్ వెనక్కి వెళ్లి తలుపు గడియ పెట్టాడు. టోపీ తీశాడు. తన గదిలోకి వెళ్లలేదు. గోడవారగా ఉన్న బెంచీ మీద, గైడ్లు బూట్లు విప్పుకునే చోట కూలబడ్డాడు.

"ఆయన్ని వదిలెయ్ లోర్నా. ఆయన చెప్పలేడు. నేను చెప్తాను" అన్నాడు. "రేడియో సంగతే కదా?"

"ఒప్పుకుంటున్నావా?"

"ఒప్పుకుంటున్నాను. ఆలెక్ వద్దన్నాడు. చెట్లలోంచి దించుతానన్నాడు. దించడానికి వీల్లేదని ఇక్కణ్ణుంచి మాట వెళ్లింది. రస్ చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. ఏటా ఈయనకి ఫోన్ చేసింది నేనే. నాలుగేళ్లు దాచింది నేనే. నీ కళ్లలోకి చూస్తూ, నీ చేతి కాఫీ తాగుతూ దాచాను."

"ఎట్లా చూశావురా డంకన్? ఎట్లా తాగావు?" లోర్నా గొంతు మొట్టమొదటిసారి పగిలింది. "పాలీ నిన్ను 'మావయ్యా' అని వచ్చి చుట్టుకుంటే ఎట్లా ఎత్తుకున్నావు?"

మెరిడిత్ ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూస్తోంది. ఆమె చెయ్యి తండ్రి భుజం మీంచి ఎప్పుడు దిగిందో ఎవరూ గమనించలేదు, అతను తప్ప.

డంకన్ తల ఎత్తాడు. ఆ నవ్వించే ముఖంలో ఇప్పుడు ఏమీ లేదు. తడిసిన కాగితంలా ఉంది.

"ఎందుకు దాచానో కూడా విను. రస్‌కి ఆ గొంతు నాదే అనిపించింది. రేడియోలో ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. మన ఇంట్లో మగాళ్ల గొంతులన్నీ ఒకలాంటివే కదా." అతను లాంగ్‌మూర్‌ని చూడలేదు, ఆ అమ్మాయినీ చూడలేదు. చెల్లెల్నే చూశాడు. "ఆ రోజు రేడియో దగ్గర కూర్చున్నది నేను కాదు లోర్నా."